తీవ్ర ఆందోళన, ఎంగేజ్ టోను

2002లో మేము సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో ఉండేవాళ్లం. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ సాఫ్ట్‌వేర్, మనవరాలు స్కూలు. మూడో గది అల్లుడి ఆఫీసులో పనిచేసే నేపాలీ పిల్లకి అద్దెకిచ్చాం.

అప్పట్లో వాళ్ల దేశంలో కాళ్లూనుకోని ప్రజాస్వామ్యం ఒక పక్క, కొండల్లోంచి తుపాకులతో దిగుతున్న మావోయిస్టులు ఇంకో పక్క. ప్రపంచమంతా స్పందించింది. స్పందించడమంటే ప్రకటన ఇవ్వడం. అల్లుడు ఇంటర్నెట్‌లో చూసి చదివేవాడు, నేను డైరీలో గీతలు పెట్టేదాన్ని. ఆ వారం ఆందోళనలు పదకొండు, తీవ్ర ఆందోళనలు నాలుగు. అక్కడి హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల దగ్గర, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు 'చోప్' చేసి, అంటే మాదని ఆపుకుని పోతారే, అలా ఒక్కో దేశం ఒక్కో ప్రకటన పెట్టి పోయేది. తుపాకులు పంపినవాళ్లు కూడా ప్యాకెట్ పెట్టడం మరిచిపోలేదు.

ఆ పిల్లకి కావలసింది మాత్రం వాళ్లమ్మ ఫోను. ఊళ్లో టెలిఫోన్ టవర్ పేల్చేశారు. ఒకటిన్నర రోజు నడిచి జిల్లా పట్నానికి వచ్చి, శనివారం పది, పన్నెండు మధ్య చేస్తానని ఆవిడ కబురంపింది. ఆవిడ దగ్గరున్నది మా ఇంటి నంబరొక్కటే. ఫోను రాకపోతే దారిలో ఏమైందో తెలిసే మార్గం లేదు.

పిల్ల తొమ్మిదిన్నరకే ఫోను పక్కన కూర్చుంది. పది. పదిన్నర. పదకొండూ పది.

"ధైర్యంగా ఉండమ్మా!" అని గదిలోంచి అల్లుడు కేకేశాడు. "ఇప్పుడే ఇంకో దేశం కూడా తీవ్ర ఆందోళన!"

"ఎందులో చూస్తున్నారు బాబూ?"

"నెట్‌లో అత్తయ్యగారూ. పదింటినుంచీ ఇదే పని."

రిసీవర్ ఎత్తాను. చెవిలో మోడెమ్ గోల. ఆ రోజుల్లో మా ఇంట్లో నెట్టుకీ ఫోనుకీ ఒకటే లైను.

"అమ్మమ్మా, లైన్ ఎంగేజ్డ్ లాహ్!" అంది మనవరాలు సింగపూర్ యాసలో.

వెళ్లి మోడెమ్ తీగ పీకేశాను.

"అయ్యో, పేజీ సగమే వచ్చిందండీ!"

"మిగతా సగం నేను చెప్తాను. ఆందోళన."

పదకొండూ ఇరవైకి ఫోను మోగింది. మూడు నిమిషాలు మాట్లాడింది, ఏడుస్తూ నవ్వుతూ.

"అమ్మ క్షేమం ఆంటీ," అంది హిందీలో. "ఇది ఐదోసారి చేయడమట. అంతసేపు ఎవరితో మాట్లాడుతున్నారే అని తిట్టింది."

"ఏం చెప్పావు?"

"ప్రపంచంతో అన్నాను."

ఆ తర్వాత శనివారాల్లో పది నుంచి పన్నెండు దాకా ఆ తీగ నా కొంగున ముడేసి ఉండేది. అల్లుడు తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాడు. దానికి నేను గీత పెట్టలేదు.