ఇరవై మూడో నంబరు ఫిల్ము

1988 ఆగస్టులో నేను రంగూన్‌లో, బోటాటౌంగ్ రేవులకు దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో సీనియర్ రేడియోగ్రాఫర్‌ని. అంటే ఎక్స్‌రే తీసేవాడిని. దాన్ని చదివి రోగం చెప్పే అధికారం డాక్టరుదే. నా కింద ఇద్దరు అసిస్టెంట్లు, వాళ్ళ కింద ఆయా మార్తమ్మ ఉండేవారు. మార్తమ్మ మా తెలుగు బాప్టిస్టు సంఘంలో పెద్దది. వయసులో నాకన్నా చాలా పెద్దదైనా నన్ను బాబూ అనే పిలిచేది.

మా పద్ధతి సులువైనది. ఫిల్ము మూలన సీసపు అంకెలు పెడితే నంబరు తెల్లగా పడుతుంది. ఆ నంబరుకు ఎదురుగా రోగి పేరు, వయసు, వార్డు రిజిస్టరులో ఎక్కిస్తాం. ఫిల్ము మీద పేరుండదు. రిజిస్టరు పోతే ఆ ఎముకలు ఎవరివో దేవుడికే తెలియాలి. మా అంకెల్లో 3కి తోక విరిగి ఉండేది. కొత్తది ఇప్పించమని ఎన్ని అర్జీలు పెట్టినా స్టోర్సు వాళ్ళు పట్టించుకోలేదు.

ఆ నెలలో జనం వీధుల్లోకి వచ్చారు, సైన్యం కాల్చింది. విరిగిన చేతులు, నెమ్ముపట్టిన ఊపిరితిత్తులు చూసే నా బల్ల మీదికి తూటాలు దిగిన పిల్లలు వచ్చారు. మొదటి ఫిల్ము ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూశాను. ఇరవయ్యేళ్ళ సర్వీసులో అలాంటిది చూడలేదు.

ఇరవై మూడో నంబరు మార్తమ్మ ఒక్కగానొక్క కొడుకు దానియేలుది. సేక్కాన్ రేవులో కూలీ. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఒకే ఫిల్ము మీద తీశాను. వెన్నెముక పక్కన తూటా స్పష్టంగా ఉంది. ఆ మధ్యాహ్నమే పోయాడు. లారీ ప్రమాదం అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం అబద్ధమని చెప్పగలిగింది ఆ ఫిల్ము ఒక్కటే.

వారం తిరగకుండా పైనుంచి ఒక అధికారి వచ్చాడు. రిజిస్టరు స్వాధీనం చేయమన్నాడు, ఫిల్ములు కాల్చేయమన్నాడు. నిబంధన ప్రకారం లిఖిత ఉత్తర్వు లేకుండా ఫిల్ము నాశనం చేయకూడదు. నేను అడగలేదు. భయపడ్డాను. ఆ కట్టనంతా మార్తమ్మ చేతుల్లో పెట్టి, చెత్త కాల్చే ఇన్సినరేటర్‌లో వేసి రమ్మన్నాను. ఆ కట్టలో ఏముందో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె దాన్ని మాసిన దుప్పట్ల బండిలో వేసుకుని బయల్దేరింది. అధికారి ఆమె వెంటే వెళ్ళి, పొగకు దగ్గుతూ తిరిగొచ్చి, పని అయిందన్నాడు.

తర్వాత దేశం తలుపులు బిగించుకుంది. బయటివాళ్ళు రారు, లోపలి మాట బయటికి పోదు. ఆ సంగతి మా ఇళ్ళలో కూడా ఎవరూ ఎత్తేవారు కారు. నేను రిటైరయ్యాను.

తలుపులు కాస్త తెరుచుకున్నాక ఒక విదేశీ న్యాయవాది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఎప్పటికైనా ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ముందు పెట్టడానికి సాక్ష్యాలు పోగు చేస్తున్నామంది. ఏ వస్తువు ఏ రోజు ఎవరి చేతిలో ఉందో తెగకుండా చూపించగలిగితేనే అక్కడ నిలుస్తుందట. చూపించడానికి నా దగ్గరేముంది? ఫిల్ములన్నీ కాలిపోయాయని వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను.

ఆ ఆదివారం పజుండౌంగ్‌లోని మా చర్చిలో ఆరాధన అయ్యాక మార్తమ్మకు ఈ సంగతి చెప్పాను. అప్పటికి ఆమె నడుము వంగిపోయింది.

"ఏటి బాబూ, కాలిపోనాయని రాసిచ్చీసినారా?" అంది. "ఎవులు సెప్పినారు మీకు?"

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పింది.

మాసిన దుప్పట్ల బండిలో అడుగున దాచి, ఫిల్ములు మేముండే వాడకు చేర్చిందట. ఎవరి బిడ్డ ఫిల్మూ వాళ్ళింట్లో ఉంచలేదు. సోదాలో దొరికితే ఆ ఇల్లు గుల్లవుతుంది. అందుకని మా సంఘం వాళ్ళది హిందువుల ఇంట్లో, హిందువులది బర్మా వాళ్ళింట్లో పెట్టించింది. కన్నవాళ్ళకు మాత్రం, ఫిల్ము తీసేటప్పుడే తను గుర్తుపెట్టుకున్న నంబరు చెప్పింది. ఆ నంబరును కొందరు బైబిలు వెనక అట్ట మీద, కొందరు దేవుడి పటం వెనక రాసుకున్నారు. జాబితా అంటూ ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ ఒక్కరూ నోరు జారలేదు.

రెండు వారాల్లో ఫిల్ములు న్యాయవాది బల్ల మీదికి చేరాయి. అంచులు పసుపెక్కాయి, కొన్నిటిని చెదలు కొరికాయి. ఒక్కొక్కరే వచ్చి నంబరు చెప్పి, బిడ్డ పేరు చెప్పి కూర్చున్నారు. తోక విరిగిన 3 చూపించి, ఇవి మా గదివేనని నేను ధ్రువీకరించాను. అధికారి పట్టుకుపోయిన రిజిస్టరు నా కళ్ళ ముందే మళ్ళీ తయారైంది.

ఇరవై మూడు రాలేదు. ఎవరింట్లో పెట్టావని మార్తమ్మను అడిగాను.

"అది లేదు బాబూ," అంది. "ఆడు పొయ్యి కాడే నిలబడిపోనాడు. కాలడం కళ్ళారా సూస్తే గానీ కదల్నన్నాడు. ఒక్కటైనా ఎయ్యాలి కదా. పరాయోల్ల బిడ్డది నానెలాగ ఏస్తాను? మా దానియేల్ది ఏసినాను. ఆ కంపుకి ఆడు ఎలిపోనాడు."

నాకు ఏడవడానికి కూడా హక్కు లేదనిపించింది.

కాలుతుంటే చూసిన మనిషి మాట కూడా సాక్ష్యమేనని న్యాయవాది చెప్పి, మార్తమ్మ వాంగ్మూలం విడిగా తీసుకుంది. ఆ న్యాయస్థానం ఇంకా ఏర్పడలేదు. మార్తమ్మ పోయింది.

రికార్డు కాపాడేది శాఖ అని నేను సర్వీసంతా నమ్మాను. నేను చూసినంతలో శాఖ దాన్ని అప్పజెప్పింది, వాడ దాచింది. నా పాత వాంగ్మూలం వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చాను. దానికి జతచేసిన పట్టికలో ఇరవై మూడుకు ఎదురుగా ఫిల్ము లేదు అని రాశాను. పక్కన, ఎవరి ఆదేశం మీద నాశనమైంది అనే గడి ఉంది. అధికారి పేరు నాకు తెలియదు. నా పేరు రాశాను.