కాలు తగిలిన రాజు

ఆ శనివారం లైబ్రరీలో నా కూతురు చేసిన పనికి నేను నిలబడ్డచోటే కొయ్యబారిపోయాను. ఇప్పుడు తలుచుకున్నా అంతే. ఎవరికైనా చెబుదామంటే ముందు ఆ ఆటేమిటో చెప్పాలి, అది చెప్పేలోపు వినేవాళ్ళకి ఆవలింతలొస్తాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్ళు ఆవలించినా నాకు కనబడదు కదా.

మేము వెంబ్లీ నుంచి కోవెంట్రీకి వచ్చింది నా ఉద్యోగం కోసం. ఇక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో పని దొరికింది, మా ఆయన ఎలాగూ ఇంట్లోంచే కంప్యూటర్ ముందు పని చేస్తాడు, ఎక్కడైతేనేం అనుకున్నాం. పిల్ల సంగతి ఆలోచించలేదు. వెంబ్లీలో దాని స్నేహితురాళ్ళంతా మా వీధివాళ్ళే, ఒకళ్ళింట్లో తిని ఇంకొకళ్ళింట్లో పడుకునేవాళ్ళు. ఇక్కడికొచ్చాక పన్నెండేళ్ళ పిల్ల నోటికి తాళం పడింది. బడి నుంచి రావడం, గదిలోకి పోవడం. "ఎట్టా జరిగిందే ఇవాళ?" అంటే "ఫైన్, మమ్." అంతే. నేను తెలుగులో అరిస్తే అది ఇంగ్లీషులో గొణుగుతుంది, మా ఇంట్లో మాటలు మొదటినుంచీ అలాగే నడుస్తున్నాయి. ఇప్పుడు ఆ గొణుగుడు కూడా కరువైంది.

మీ అమ్మాయి మధ్యాహ్నం పూట ఒక్కతే కూర్చుని తింటుందని బడిలో టీచరు చెప్పింది. డబ్బాలో పులిహోర కట్టి పంపి, నలుగురితో పంచుకుని తింటోందని మురిసిపోయిన మొహం నాది. ఆ టీచరే టౌన్ లైబ్రరీలో శనివారాలు పిల్లలు ఆటలాడుకునే క్లబ్బు ఉందని, అక్కడికి పంపమని చెప్పింది.

మొదటి శనివారం దాన్ని దింపడానికి వెళ్ళి ఆ బల్లమీదున్నది చూసి, ఎవరో రెండు ఆటల పెట్టెలు కిందపడేసి కలిపేశారనుకున్నాను. చదరంగం గుర్రాలు, ఏనుగులు, రాజులు ఒక పక్క. నల్లవీ తెల్లవీ గుండీల్లాంటి రాళ్ళు గిన్నెల నిండా ఇంకోపక్క. పాపం పిల్లలు ఇబ్బంది పడుతున్నారని, గుర్రాలని ఒక డబ్బాలోకి, రాళ్ళని ఇంకో డబ్బాలోకి వేరుచేయడం మొదలుపెట్టాను. మా పిల్ల ఎర్రబడ్డ మొహంతో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అది ఒకటే ఆటట. చదరంగాన్నీ, జపాన్ వాళ్ళు ఆడే రాళ్ళ ఆటనీ కలిపి ఎవరో అల్లారట.

తర్వాత ఇంట్లో అదే నాకు నేర్పింది. బల్లమీద అడ్డంగా నిలువుగా గీతలుంటాయి, గీతలు కలిసేచోట కాయలు నిలబడతాయి. గుర్రం, ఏనుగు, రాజు నడుస్తాయి. రాళ్ళు మాత్రం పెట్టినచోటే ఉంటాయి, ఇక కదలవు. నీ వంతు వచ్చినప్పుడు కాయనైనా నడపాలి, గిన్నెలోంచి కొత్త రాయినైనా పెట్టాలి. ఎదుటివాడి రాజుని నాలుగువైపులా నీ రాళ్ళతో మూసేస్తే గెలిచినట్టు. "ఓసి పిచ్చిదానా, ఇది మన పులీ మేకా ఆటేగా, పులిని కదలనీకుండా కట్టెయ్యటమేగా" అన్నాను. "నాట్ రియల్లీ, మమ్" అంది. కానీ నవ్వింది. దాని నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఇక ఆ ఆటని నేను నెత్తిన పెట్టుకున్నాను. శనివారాలు డ్యూటీ పడకుండా రోటా మార్పించుకోవడానికి ల్యాబ్‌లో ఎంతమందిని బతిమాలానో నాకే తెలుసు.

ఎండాకాలంలో సముద్రం అవతల బెల్‌ఫాస్ట్‌లో పిల్లల పోటీలన్నారు. క్లబ్బు నుంచి ముగ్గురు వెళ్ళాలి. ఇద్దరు ఆడపిల్లలు ఖాయమైపోయారు. మూడో చోటు కోసం మా పిల్ల, దానికంటే ఒక ఏడు పెద్దవాడైన ఒక అబ్బాయి ఆడాలి. ఎవరు గెలిస్తే వాళ్ళు. ఆ వారమంతా మా వంటింట్లో ఒకటే వాగుడు. పడవలో కిటికీ పక్కన ముగ్గురూ కూర్చుంటారట. ఆ పిల్లలిద్దరూ తమ గదిలోనే ఉండమన్నారట. "దే ఆస్క్‌డ్ మీ, మమ్. ఐ డిడంట్ ఈవెన్ ఆస్క్" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. అడక్కుండా వాళ్ళే పిలిచారని దాని సంబరం. నేను గిన్నెలు తోముతున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం. మనిషికి తగిలినా, పుస్తకానికి తగిలినా, ఆఖరికి గుమ్మంలో పడేసిన టేకవే హోటలు ప్రకటన కాగితానికి తగిలినా సరే. దాని మీద కోడికాలు బొమ్మ ఉందని చిన్నప్పుడు మా పిల్ల వాదించేది. "ఏ బొమ్మ ఉంటే ఏందే, కాయితం కాయితమే, అద్దుకో" అనేదాన్ని. "ఐ డిడంట్ మీన్ టు" అని మొరాయించేది. కావాలని తన్నలేదు కదా, మరి ఎందుకు అద్దుకోవాలని. నేను వదిలితేగా. "తెలిసి తగిలినా, తెలియక తగిలినా, తగిలితే తగిలినట్టే. అద్దుకో." ఈ మాట నా నోట్లో నానీ నానీ, ఆఖరికి నేను మొదలుపెట్టకముందే దాని చెయ్యి కళ్ళ దగ్గరికి పోయేది. ఈ దేశంలో పుట్టిన పిల్లకి ఇంతైనా అబ్బిందని నాకు లోపల మహా గర్వంగా ఉండేది.

ఆ శనివారం పెద్దవాళ్ళ బల్లలన్నీ ఇంకేదో మీటింగుకి తీసుకున్నారని పిల్లల పుస్తకాల మూలలో తివాచీ పరిచి, పొట్టి బల్ల వేసి ఆడించారు. మా పిల్ల ఇంట్లోలాగే బూట్లు విప్పి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ అబ్బాయి తన పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డాడు. తప్పొప్పులు చూడటానికి ఒక రిటైరైన లెక్కల మాస్టారు, మనసులో నేను ఆయన్ని అంకుల్ అనుకుంటాను, కుర్చీలో కూర్చున్నారు. ఆయన ముందే అందరికీ నియమం చెప్పారు. చేత్తో ముట్టుకున్న కాయని నడపాల్సిందే. కాయ పక్కకి జరిగితే, ముందు "సర్దుతున్నాను" అని పైకి చెప్పి, అప్పుడు ముట్టుకోవాలి.

ఆట సాగీ సాగీ మా పిల్లవైపు తిరిగింది. దాని రాజు ఒక మూల తన రాళ్ళ మధ్యే దాక్కుని ఉన్నాడు, మూడువైపులా సొంత గోడ, ఒక్కవైపే సందు. ఆ సందులో అడుగుపెడితే అవతల అబ్బాయి రాళ్ళు కాచుకుని ఉన్నాయి. కదలకుండా ఉన్నంతసేపూ రాజుకి ఢోకా లేదు. ఇటు చూస్తే ఆ అబ్బాయి రాజుకి మిగిలింది ఒక్క దారి. ఇప్పుడు వంతు మా పిల్లది. ఒక్క రాయి పెడితే అయిపోయె. నాకూ కనబడింది, దానికీ కనబడింది. నావైపు చూసింది, ఆ కళ్ళు వెలిగిపోతున్నాయి.

రాయి కోసం గిన్నెవైపు వంగబోతూ, తిమ్మిరెక్కిన కాలు కాస్త చాపింది. బొటనవేలు బల్ల అంచుకి తగిలింది. మూలనున్న రాజు ఊగి పడిపోయాడు. అంతే, దాని కుడిచెయ్యి పోయి రాజుని తీసింది, ఈ కంటికీ ఆ కంటికీ అద్దుకుంది, ఉన్నచోటే నిలబెట్టింది. రెప్పపాటులో అయిపోయింది.

పెట్టాక గాని, ముట్టుకున్న రాజుని ఇక నడపాల్సిందేనని దానికి తెలిసిరాలేదు. చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

అంకుల్ కుర్చీలోంచి లేచారు. ఆయన కోపంగా లేరు, అయోమయంగా ఉన్నారు. రాజుని తీసి కళ్ళకి రాసుకోవడం ఆయన జన్మలో చూసి ఉండరు. అది చెయ్యి తగలడమా, కావాలని ముట్టుకోవడమా అని అడిగారు. మా పిల్ల చెప్పేదాకా నేను ఊరుకుంటానా. ఎవరూ పిలవకుండానే మధ్యలోకి పోయి, ఇది మా ఆచారం సార్, కాలు తగిలితే ఇలా చేస్తాం, ఆటకీ దీనికీ సంబంధం లేదు సార్, చిన్నప్పటినుంచీ నేనే నేర్పాను సార్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ అబ్బాయి పెద్దమనిషి. తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. అంకుల్, ఇద్దరికీ సమ్మతమైతే దీన్ని లెక్కలోకి తీసుకోను, అమ్మాయి రాయి పెట్టవచ్చు అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. మనసులో ఆయనకి దండం పెట్టుకున్నాను.

మా పిల్ల గిన్నెవైపు చూడలేదు. అంకుల్‌తో ఇంగ్లీషులో, మెల్లగా అంది. కాలు తగలడం పొరపాటేనట. చెయ్యి మాత్రం పొరపాటు కాదట, కావాలనే పెట్టానంది.

"ఏం మాట్లాడతన్నావే? ఆయన వద్దులే అన్నారుగా, రాయి పెట్టు" అన్నాను తెలుగులో, పళ్ళ బిగువున.

అది నావైపు తిరిగింది. బయట నలుగురిలో ఒక్క ముక్క తెలుగు మాట్లాడితే తల తీసేసినట్టు చూసే పిల్ల, అందరూ వింటుండగా తెలుగులో అంది. "నువ్వే అంటావుగా అమ్మా. తెలిసి తగిలినా, తెలియక తగిలినా, తగిలితే తగిలినట్టే అని."

మమ్ అనలేదు. అమ్మా అంది. అమ్మాయి ఏమందని అంకుల్ నన్ను అడిగారు. ఎంత కోపమొచ్చిందో అంత భయం కూడా వేసింది. ఈ మాటని నేను పుస్తకాల గురించీ కాగితాల గురించీ అన్నాను, ఇది ఇంతదూరం తెచ్చుకుందని నాకేం తెలుసు. నేను కొయ్యబారి చూస్తుండగానే అది రాజుని పట్టుకుని, ఉన్న ఒక్క సందులోకి నడిపింది.

ఆ అబ్బాయి చాలాసేపు రాయి పట్టుకుని కూర్చున్నాడు. మా పిల్ల తల ఊపింది, పెట్టు అన్నట్టు. రాజు ఖాళీ చేసిన చోట అతను రాయి పెట్టాడు. నాలుగువైపులా మూసుకుపోయింది. గెలిచినవాడి మొహం అలా వాడిపోయి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

కారు పార్కింగ్‌లో వాన మొదలైంది. తలుపు వేసుకోగానే నేను అందుకున్నాను. "ఒక్క రాయి, ఒక్క రాయి పెడితే ఏం పోయేదే? ఆయనే పెట్టమంటే నీకెందుకే అంత ఇది? సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివా నువ్వు?" నా అరుపులన్నీ అద్దానికి తగిలి నాకే వినబడుతున్నాయి. చివరికి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఐ రియల్లీ వాంటెడ్ టు గో, మమ్" అంది. లైబ్రరీలో చుక్క నీరు రాని పిల్ల, ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది.

నా కోపం ఎటు పోయిందో. దగ్గరికి తీసుకుందామని ఇటు తిరిగాను. అదే సమయానికి అది ఎప్పటిలాగే బూట్లు విప్పేసి కాళ్ళు సీటు మీదికి ముడుచుకుంటోంది, పాదం వచ్చి నా మోచేతికి తగిలింది. ఇవాళ్టికి వద్దులేవే, ఇవాళ ఒక్కరోజుకి వదిలెయ్యి అనబోయాను. నేను నోరు తెరిచేలోపే అది చెయ్యి చాపి నా మోచేతిని ముట్టుకుని, ఏడుస్తున్న ఆ కళ్ళకే అద్దుకుంది.