బోరు బండిలో చిన్నాయన పాట

మొన్న రాప్తాడు దాటుతుండగా మా బస్సును ఒక బోరు బండి దాటుకుని ముందుకు పోయింది. దాని క్యాబిన్‌లోంచి డ్రమ్ముల మోతతో చిన్నాయన పాట వినిపించింది. నా పక్క సీటాయన మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టేవాడు. తొంభైల చివర్లో తోటి కుట్టుపనివాళ్లను పోగేసి మా చర్చిలో రాక్ బ్యాండ్ పెట్టాడు. హార్మోనియం దగ్గర కునికిపాట్లు పడుతున్న చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు మోగేసరికి ముసలమ్మలు చెవుల్లో కొంగు కుక్కుకున్నారు. జనం పెరిగారని పాస్టరుగారు మాత్రం మురిసిపోయారు. చిన్నాయన పాటల్లో పరలోకం తక్కువ, మా పల్లె ఎక్కువ. "ఈ నేలకు ఇంకెన్ని తూట్లు మనిషీ, దేవుడు లెక్కడుగుతాడు" అన్న పాటకు చాలా పేరొచ్చింది, క్యాసెట్టు కూడా చేశారు. నిజానికి అది ఒక్క మా నాయన కోసం కట్టిన పాట. చెనిక్కాయ పంట ఎండినప్పుడల్లా నాయన కొంత చేను అమ్మి బోరు వేయించేవాడు. ఉన్న కాస్త చేనూ అలాగే పోతుందని చిన్నాయన భయం.

నాయన ముందు వరసలో కూర్చుని ఆ పాట విన్నాడు. కాలు కూడా ఆడించాడు. బయటికొచ్చాక, "పాట బో బాగుండాది రా. రేపు మన బోరు కాడ వాయించు" అన్నాడు.

"నీ కోసరమే కట్టినాను అన్నా. బోరు వద్దని చెప్తాండా."

"దేవుని పాట కదప్పా, యాడ పాడినా మంచే."

మా వైపు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. అది లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు లెక్క. నాయన చర్చిలో సంఘపెద్ద, ఇలాంటివి చేయకూడదు. అందుకని బోరు వేసే ముందు పాస్టరుగారు చేలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నంతసేపట్లో చప్పుడు లేకుండా ఆ పని కానిచ్చేశాడు. చిన్నాయన గిటారు తీయలేదు. అయితేనేం, క్యాసెట్టు ఉంది కదా, బోరు బండివాళ్లు అదే వేశారు. చేలో అందరూ చిందులేశారు. సాయంత్రం దాకా తెల్లటి దుమ్మే లేచింది, చుక్క నీరు పడలేదు. బండివాళ్లు పోతూ పోతూ క్యాసెట్టు అడిగి పట్టుకుపోయారు.

బోరు ఖర్చుకు మిగిలిన చేనూ పోయింది. నాయన మంచం పట్టాడు, మళ్లీ వానలు చూడలేదు. సమాధి దగ్గర పాడమని పాస్టరుగారు అడిగితే చిన్నాయన, "ఇనాల్సినోడే పోయినాడయ్యా, ఇంగ ఎవురికి పాడల్ల?" అన్నాడు. ఆ తర్వాత గిటారు ముట్టలేదు.

మొన్న ఆ బోరు బండి మా బస్సు ముందే మట్టిదారిలోకి తిరిగి, ఎవరిదో చేని వైపు పోయింది. కాలం ఎంతటి పాటనైనా పాతదాన్ని చేస్తుందంటారు. చిన్నాయన పాట ఒక్కటైనా పాతబడితే చాలని ఇన్నేళ్లూ ఎదురుచూశాను, మా నేల మీద కాలానికి ఆ మాత్రం దయ కూడా లేదు.