తూకం ఫారానికి దిష్టిచుక్క

మా పాప పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేదు. ఆ రోజే ఆస్పత్రిలో బొడ్డుతాడు నుంచి కొంచెం రక్తం తీసుకున్నారు. అందులోని ప్రొటీన్లను బట్టి పిల్ల బరువు ఎలా పెరుగుతుందో ముందే చెప్పవచ్చా అన్నది వాళ్ల పరిశోధన. ఇప్పుడు పాపకు ఆరో నెల. ఈ రోజు ఆ పరిశోధన చేసే అమ్మాయి తూకం మిషన్ పట్టుకుని మారేడ్‌పల్లిలో మా ఇంటికి వచ్చింది. పాపను పడుకోబెట్టగానే అంకె కనబడింది. వెంటనే మా అత్తయ్య దాన్ని కొంగుతో కప్పేశారు.

“పైకి చదవకు బిడ్డా. ఇప్పుడిప్పుడే జెర బుగ్గలొస్తున్నయ్. కాగితం మీద సుత ఓ కిలో తక్కువ రాయి.”

“తక్కువ రాస్తే మా రీసెర్చ్ మొత్తం ఖరాబైతది ఆంటీ.”

“రక్తం చూసే చెప్తమంటిరి గదా. మల్ల తూకమెందుకు?”

పాపం, ఆ అమ్మాయి అసలు బరువే రాసి, పక్కన నల్ల పెన్నుతో చుక్క పెట్టింది. అత్తయ్య కళ్లజోడు తెచ్చుకుని, ఇంకాస్త పెద్దది పెట్టించాక గానీ కొంగు తీయలేదు.

తీరా చూస్తే, ఆ అమ్మాయి గేటు దగ్గర ఆటో కోసం ఆగి మిగతా పిల్లల ఫారాలకూ చుక్కలు పెడుతోంది. ఒక్కరికే పెడితే పరిశోధనలో పక్షపాతం అవుతుందట.

సైన్స్ చదివినవాళ్లు చెప్పండి, ఆ చుక్కను ఏ కాలమ్‌లో ఎక్కిస్తారు?