సెల్‌హౌస్‌కి చేరని కబురు

ఒక్క మాట. నలభై ఏళ్లుగా మోస్తున్నాను. జాలి కోసం చెప్పడం లేదు. మీరు జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది.

డెబ్బైల చివర్లో విశాఖలో జింకు ఫ్యాక్టరీలో పనిచేశాను. కొండల్లో నీటితో పుట్టిన కరెంటే దానికి ప్రాణం. సెల్‌హౌస్‌లో యాసిడ్ తొట్లుండేవి. వాటిలో వేలాడదీసిన రేకుల మీద కరెంటుతో జింకు పేరుకునేది. కరెంటు ఆగితే పేరుకున్నదంతా మళ్లీ యాసిడ్‌లో కరిగిపోతుంది. అందుకే ఆపేముందు పవర్ స్టేషను వాళ్లు ఫోన్ చేసేవారు, మేము రేకులు పైకి లాగేసేవాళ్లం. కరెంటు మీటర్లు చూడ్డం నా పని, ఆ ఫోనూ నా టేబుల్ మీదే ఉండేది.

ఇస్మాయిల్ అక్కడ ఫోర్‌మన్. వన్‌టౌన్‌లో రాగి గిన్నెలు చేసే ఇంటివాడు. రేకు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చప్పుడు విని, జింకు ఒక్క ముక్కగా ఊడుతుందో లేదో చెప్పేసేవాడు. ఇంజనీరు నా మీటర్లు వదిలేసి అతని చెవినే నమ్మేవాడు. అసూయా? అది చిన్న మాట. అతని పొడే నాకు గిట్టేది కాదు.

ఓ వేసవి ఉదయం ఫోనొచ్చింది. అరగంటలో ఆపేస్తారట. లాగ్‌బుక్‌లో ‘ఫోర్‌మన్‌కి చెప్పాను’ అని రాశాను. లేవలేదు. టీ తాగాను. మర్చిపోయానా? లేదు. ఇంకా టైముంది, ఇప్పుడైనా వెళ్లి చెప్పొచ్చు అని గడియారం వంక చూస్తూనే, అతను ఒక్కసారి తలదించుకుంటే చూడాలన్న కోరికతో ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను.

కరెంటు పోయింది. పోయాక పరుగెత్తి లాగితే సగం రేకులు కూడా పైకి రాలేదు. మిగతావాటి జింకంతా తొట్లలో కలిసిపోయింది. ఇంజనీరు నా లాగ్‌బుక్ చూసి, అందరి ముందూ అతణ్ణి కడిగేశాడు.

సాయంత్రం ఇస్మాయిల్ నా గదికొచ్చాడు. దెబ్బలాడతాడనుకున్నాను.

“నాకు సెప్పేవా బావా?”

“సెప్పేను. నువ్వే ఇన్లేదు.”

“అయితే నా సెవులు పోనాయేటో,” అన్నాడు.

సీతమ్మధారలో డాక్టరు చూసి చెవులు బాగున్నాయన్నాడట. అతను డాక్టర్ని నమ్మలేదు, నన్ను నమ్మాడు. తానే అడిగి గోడౌనుకి మారిపోయాడు. మళ్లీ సుత్తి పట్టలేదు.

ఎనభైల్లో ఫ్యాక్టరీ చరిత్ర రాసే పని నాకే అప్పగించారు. ఆనాటి నష్టం ‘ఫోర్‌మన్ వినికిడి లోపం వల్ల’ అని రాశాను. గేటు దగ్గర కనబడ్డప్పుడల్లా ఇస్మాయిల్ అరచెయ్యి చెవికి ఆనించి, నేనన్న ప్రతి మాటా మళ్లీ చెప్పమనేవాడు. నేను విసుక్కుంటూ గట్టిగా అరిచి చెప్పేవాణ్ణి.

అతను పోయాడు. ఇప్పటికీ అతనంటే నాకు ఇష్టం లేదు. ఆ చరిత్ర పుస్తకం ఇంకా బీరువాలో ఉంది, అందులో ఆ వాక్యమూ ఉంది. అది అబద్ధం. ఇస్మాయిల్ చెవులు బాగానే ఉండేవి. నేను చెప్పలేదు.