అమ్మ ఎత్తి పట్టుకున్న బానెట్

నిన్న చౌటుప్పల్‌లో మెకానిక్ బత్తాయిలు మోసే మా పాత పికప్ బండి బానెట్‌కు కొత్త కడ్డీ బిగించాడు. పది నిమిషాల పని. బానెట్ ఎత్తగానే డీజిల్, మగ్గిన బత్తాయిలు కలిసిన ఆ పాత వాసన ముక్కుకు తగిలింది.

మీ ఇళ్లలోనూ ఇట్లాంటి బండి ఉండేది కదా? మా బండి బానెట్ ఎత్తితే నిలిచేది కాదు. ఒకసారి ఆనించిన కట్టె జారి, బానెట్ బాపు వీపు మీద పడింది. ఇక అమ్మ ఏ కట్టెనూ నమ్మలేదు. బాపు రిపేరు చేసినంతసేపూ తనే రెండు చేతులతో ఎత్తి పట్టుకునేది. గాజులు మోచేతుల దాకా జారేవి.

"చేతులు గుంజుతున్నయా?" అని లోపల్నుంచి బాపు అడిగేవాడు.

"ముచ్చట బంద్ జేసి పని కానియ్యి."

"రేపు పక్కా కడ్డీ ఏపిస్త" అనేవాడు ప్రతిసారీ. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ రేపు రాలేదు.

సాయంత్రం ఇంటి ముందు బానెట్ ఎత్తి బాపుకు చూపించాను. కొత్త కడ్డీ మీద కదలకుండా నిలిచింది. బాపు తల లోపలికి పెట్టి, రేడియేటర్ మూత తిప్పుతూ అలవాటుగా అడిగాడు: "చేతులు గుంజుతున్నయా?"

గబుక్కున రెండు చేతులూ ఎత్తి బానెట్ పట్టుకున్నాను.

"లేదు బాపూ. నువ్వు పని కానియ్యి."