యాస దాచుకున్న మనుషులు

రావల్కోల్ ఊరి గౌరయ్య కూతురు పద్మలతకు డిగ్రీ పూర్తయిన ఏడాదే కొంపల్లి దగ్గర ఉద్యోగం దొరికింది. రెండువేల ఆరు నాటి మాట. కూతురు ఏం చేస్తుందని ఊళ్లో ఎవరైనా అడిగితే గౌరయ్య "కంప్యూటర్ల పని" అని ఊరుకునేవాడు. అంతకంటే వివరంగా చెప్పడం పద్మలతకూ కష్టమే. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లంతా ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి కబుర్లు రాసుకుంటారు. ఆటతో మొదలైన కబురు ఎటైనా పోతుంది. ఎవరి రాత మీదైనా ఇంకొకరు ఫిర్యాదు చేస్తే అది ఆమె ముందుకు వస్తుంది. ఉంచాలా, తీసేయాలా అన్నది ఆమె తేల్చాలి. అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ మధ్యాహ్నం అవుతుంది కాబట్టి, ఇంట్లో అన్నం తిని మేడ్చల్ వచ్చి బస్సెక్కేది.

ఇంగ్లిష్‌తో ఆమెకు ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా తెలుగుతోనే వచ్చింది. శిక్షణ మొదటి రోజున అందరూ తమ గురించి చెప్పుకుంటున్నారు. "మా బాపు ఎవుసం జేస్తడు" అందామె. వెనక వరుసలో నవ్వులు లేచాయి. "సినిమాలో రౌడీ మాట్లాడినట్టే ఉంది" అని ఒకమ్మాయి ముచ్చటపడింది కూడా. ఆ పిల్ల చెడ్డదేం కాదు, తర్వాత టిఫిన్ డబ్బా పంచుకునేంత స్నేహమైంది. పద్మలతకు మాత్రం ఆ నవ్వు కొత్తగా తగల్లేదు. చిన్నప్పుడు మేడ్చల్ టాకీసులో, తెర మీద పనిమనిషి అచ్చం తన తల్లిలాగా మాట్లాడితే తనూ పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో ఆమె తక్కువ మాట్లాడేది. 'ఏంది' అని నాలుక చివరి దాకా వచ్చినదాన్ని 'ఏమిటి'గా మార్చుకుని అనేది.

పనిలో కుదురుకున్నాక ఒక సంగతి గమనించింది. ఐర్లాండ్ వాళ్ల మీద జోకులు ఆగకుండా వస్తున్నాయి. వాళ్లు తాగుబోతులని, బుర్ర తక్కువ వాళ్లని. ఐర్లాండ్ నుంచి వచ్చిన ఆటగాడు బంతి పోగొట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు ఆలుగడ్డ అని రాస్తారు. ఆలుగడ్డలో నవ్వడానికి ఏముందో ఆమెకు తెలియలేదు. వెతికి చదివింది. వెనకటికి ఆ దేశంలో ఆలుగడ్డ పంట కుళ్లిపోయి, తినడానికి మరొకటి లేక, లెక్కలేనంత మంది చచ్చిపోయారట. బతికినవాళ్లలో చాలామంది ఓడలెక్కి పోయారట. ఆ పూట ఆమె డబ్బాలో అమ్మ పెట్టింది ఆలుగడ్డ కూరే. మూత తీసి, కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

రంగును తిట్టినా, మతాన్ని తిట్టినా తీసేయాలని నియమం ఉంది. ఈ జోకులను మాత్రం ఉంచమన్నారు. "అంతా ఒకే రంగు మనుషులు. వాళ్లలో వాళ్లు సరదాకి అనుకుంటారు" అని వివరించాడు జనార్ధన్, ఆమె పై అధికారి.

ఐర్లాండ్ వాళ్లు మాత్రం ఒక్కలా తీసుకోలేదు. కొందరు అంతకు రెట్టింపు బూతులు తిట్టేవాళ్లు, ఆ తిట్లు పద్మలత తీసేసేది. కొందరు ఎదుటివాడి కంటే ముందే తమ మీద తామే జోకు వేసుకుని తప్పించుకునేవాళ్లు. ఎక్కువమంది ఫిర్యాదు నొక్కి, ఏమీ కాకపోతే మెల్లగా రాయడం మానేసేవాళ్లు.

ఒకరోజు బ్రీడా అనే ముసలామె రాసింది. వయసులో ఉండగా ఐర్లాండ్ నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి ఆస్పత్రిలో నర్సుగా చేసిందట. ఆ ఊళ్లో బాంబులు పేలి జనం చచ్చిపోయిన తర్వాత, ఆ నింద ఐర్లాండ్ వాళ్లందరి మీదా పడి, తన యాస వినగానే మనుషులు మొహం తిప్పుకునేవాళ్లట. "బస్సులో నోరు విప్పడం మానేశాను. ఎక్కడికి అని అడగకుండా టికెట్‌కు సరిపడా చిల్లర ముందే చేతిలో పట్టుకునేదాన్ని. రోగులతో కూడా తలూపి పని జరుపుకున్నాను. నా పిల్లలు నా యాస రాకుండా పెరిగారు. అప్పుడు అది నాకు సంతోషమే అనిపించింది."

పద్మలత ఆ రాతను మళ్లీ మళ్లీ చదివింది.

దాని కింద ఇంకొకరు రాశారు. ఆ తర్వాత ఇంకొకరు. అద్దె ఇంటి తలుపు మీద తమ వాళ్లు రావద్దని బోర్డు చూసినవాడు, బళ్లో పేరు మార్చి చెప్పినవాడు, ఎవరి సంగతి వాళ్లు. అంతకు ముందు జోకులేసిన ఒక ఇంగ్లిష్ అతను కూడా వచ్చాడు. "మా పక్కింటి ఐర్లాండ్ ఆమె ఎప్పుడూ చెయ్యి ఊపుతుంది తప్ప పలకరించదు. పొగరనుకున్నాను" అని రాసి ఊరుకున్నాడు. నవ్వడం నేర్చుకోండని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఇది ఇంగ్లండ్ మీద ద్వేషమని మూకుమ్మడిగా ఫిర్యాదులు కొట్టారు. అన్ని ఫిర్యాదులు వస్తే చర్చ మూసేయాలి. పద్మలత బూతులున్న రాతలు మాత్రం తీసేసి, మిగతా అంతా ఉంచింది.

జనార్ధన్ ఆమె కుర్చీ దగ్గరికి వచ్చాడు. "ఇది ఎందుకు మూయలేదు?"

"తిట్లున్నయన్ని తీసేసిన సార్. మిగిలినోళ్లు ఎవ్వర్నీ ఏమనలే. వాళ్లకు జరిగింది చెప్పుకుంటున్నరు."

"ఇన్ని రిపోర్టులు వస్తే మూయాలి కదా."

"ఆలుగడ్డ జోకుల మీద గూడ గిట్లనే వచ్చినయ్ సార్. గవి ఉంచమన్నరు."

తన మాట తన మాటలాగే బయటికి వచ్చిందని ఆమెకు అప్పుడు తెలిసింది. దిద్దుకోలేదు. జనార్ధన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు తెల్వదా పద్మలతా? మాది అల్వాలే. ఇంట్ల నేను గిట్లనే మాట్లాడుత. గని ఆ ఇంగ్లండ్ కంపెనీవాళ్లు కాంట్రాక్ట్ తీసేస్తే మనమందరం ఇంట్ల కూసోవాలె. జర సమజ్ చేసుకో."

అతను వంగి, ఆమె మౌస్ తీసుకుని, చర్చ మూసేశాడు. వెంటనే మాత్రం వెళ్లలేదు.

మూసినందువల్ల వాళ్లు చెదిరిపోలేదు. ఎవరో అప్పటికే అన్ని రాతలూ కాపీ చేసి పెట్టారు. వాటితో వేరే చిన్న సైటు మొదలైంది. బ్రీడా అక్కడికి వెళ్తూ పాత చోట ఒక మాట రాసింది. "ఇన్నాళ్లు బూతులు మాత్రం తీసి మా మాటలు ఉంచిన మనిషి ఎవరో మాకు తెలియదు. మా వాళ్లే అయి ఉంటారు. మేలు జరగాలి." ఆ మనిషి లండన్‌లో ఉన్న ఐర్లాండ్ పిల్లే అని కింద ఒకరు ఊహించారు.

జవాబివ్వడానికి ఉద్యోగ నియమాలు ఒప్పుకోవు. ఆదివారం పద్మలత మేడ్చల్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, కొత్త సైటులో తన పేరుతో చేరింది. ఏం రాయాలో తోచలేదు. చివరికి, తనది ఐర్లాండ్ కాదని, రావల్కోల్ అనే ఊరని, తన మాటకు కూడా నవ్వుతారని రాసింది. వాళ్ల మాటలు ఉంచిన మనిషి తనేనని చెప్పలేదు. మీ ఊళ్లో ముసలివాళ్లను ఎలా పలకరిస్తారని బ్రీడా అడిగింది. 'అవ్వా, మంచిగున్నవా' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, అర్థం కూడా చెప్పి పంపింది పద్మలత. ఆ తర్వాత బ్రీడా ప్రతి ఉత్తరం కింద తన పేరుకు బదులు అవ్వ అని రాసుకునేది.

కొన్నాళ్లకు కంపెనీ జోకుల నియమాన్ని మార్చింది. దేశం పేరుతో వెక్కిరించినా తీసేయమన్నారు. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడు కాంట్రాక్ట్ ఎలాగూ పోయింది. జనార్ధన్ వేరే చోట చేరాడు, పద్మలత శామీర్‌పేటలో ఒక బడి ఆఫీసులో చేరింది.

ఒక చలికాలం బ్రీడా రాతలు ఆగిపోయాయి. ఆమె పోయిందని కూతురు ఆ సైటులో రాసింది. ఆ సాయంత్రం పద్మలత ఇంటికి వచ్చి అన్నం పెట్టుకోకుండా గడపలో కూర్చుంది. తల్లి సిద్దమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఏమైంది బిడ్డా?"

"నాకు తెలిసిన ఒక అవ్వ చచ్చిపోయిందమ్మా."

"ఏ ఊరామె?"

"మస్తు దూరం. ఎన్నడు సూడలే. బస్సుల మాట్లాడాల్నంటే భయపడేదట, తన మాట ఇని జనం ఏమంటరో అని."

సిద్దమ్మ చేతులు ఆగాయి. "నువ్వు సదువుకునేటప్పుడు బడి మీటింగులకు మీ బాపునే పంపేదాన్ని గదా. నాకు పనున్నదని చెప్పేదాన్ని. పనేం లేకుండె."

పద్మలత తల్లి వైపు తిరిగింది. సిద్దమ్మ మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. "ఆ అవ్వ పిల్లలున్నరా? మంచిగ జూసుకున్నరా ఆమెను?"

"జూసుకున్నరనే రాసింది కూతురు" అని పద్మలత చెప్పడం మొదలుపెట్టింది. బ్రీడా నర్సుగా చేసిన ఆస్పత్రి గురించి, ఆమె వదిలి వచ్చిన ఊరి గురించి, ఆలుగడ్డ పంట కుళ్లిన కాలం గురించి చెప్పింది. సిద్దమ్మ మధ్యమధ్య ఏందేందో అడుగుతూ, బుట్ట ఖాళీ అయ్యేదాకా వింది.